‘ప్రాథమిక ఆధారాలు’ అంటే ఎంత బలం? కోర్టులో, ఆస్పత్రిలో, భౌతికశాస్త్ర ప్రయోగంలో

ఎర్రసిరా (ప్రశ్న)

వార్తల కాపీ దిద్దేవాళ్లకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇది. ఒకే రోజు పేపర్లో మూడు వాక్యాలు ఇలా పడ్డాయనుకోండి. “అది హత్యేననడానికి ప్రాథమిక ఆధారాలు లభించాయి.” “జిల్లాలో పలువురికి డెంగీ సూచనలు కనిపించాయి.” “కొత్త కణం ఉన్నట్టు శాస్త్రవేత్తలకు సంకేతాలు అందాయి.” చదివేవాళ్లు మూడింటినీ ఒకే తూకం వేసి, మూడూ దాదాపు తేలిపోయినట్టే అనుకుంటారు.

న్యాయం, వైద్యం, భౌతికశాస్త్రం బాగా తెలిసినవాళ్లను అడగదల్చుకున్నది ఇది: మీ రంగంలో ‘సూచన’ అనే మెట్టు ఎక్కడుంది? దాని మీద ఆధారపడి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? సూచన రుజువుగా మారాలంటే ఏ కాగితం, ఏ పరీక్ష, ఏ అంకె కావాలి? పొరపాటు ఎక్కువగా ఎక్కడ జరుగుతుంది? నిర్వచనాలకంటే అసలు కేసులు, లెక్కలు చెబితే మేలు.

వకాల్తా

క్రిమినల్ కేసు వరకు చెబుతాను. చట్టం ఆధారాన్ని అది ఏ పనికి సరిపోతుందో చూసి తూస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. పాత చట్టంలోనూ కొత్తదాంట్లోనూ ‘నిరూపితం’ అన్నదానికి ఒకటే అర్థం. ఒక విషయం ఉందని కోర్టు నమ్మాలి, లేదా అది ఉన్నట్టే భావించి వివేకం గల మనిషి అడుగు వేసేంత సంభావ్యత కనిపించాలి. నూటికి నూరు పాళ్లు అన్న మాట అందులో లేదు.

మెట్లు ఇలా ఉంటాయి. ఎఫ్‌ఐఆర్‌కు, చెప్పిన సమాచారంలో కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగినది) కనిపిస్తే చాలు. అది నిజమో కాదో అప్పుడు చూడరు. లలితా కుమారి కేసులో 2013లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇదే చెప్పింది. అరెస్టుకు సహేతుకమైన అనుమానం కావాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలైతే అరెస్టు ఎందుకు అవసరమైందో కూడా రాతపూర్వకంగా నమోదు చేయాలి (క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 35). అభియోగాలు మోపాలంటే బలమైన అనుమానం ఉండాలి. సాక్ష్యాన్ని రెండు రకాలుగానూ సమానంగా అర్థం చేసుకునే వీలుండి, మిగిలింది ఉత్త అనుమానమే అయితే ముద్దాయిని డిశ్చార్జి చేయొచ్చని (విచారణ లేకుండానే వదిలేయొచ్చని) 1978లో ప్రఫుల్ల కుమార్ సామల్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. శిక్ష వేయాలంటే మాత్రం సహేతుక సందేహానికి తావు ఉండకూడదు.

‘ప్రాథమిక ఆధారాలు ఉన్నాయి’ అన్న మాట మొదటి మూడు మెట్లలో ఎక్కడైనా పడొచ్చు. నాలుగో మెట్టుకు దానితో సంబంధం లేదు. కాపీ దిద్దేటప్పుడు కేసు ఏ మెట్టు మీదుందో రాస్తే సగం గందరగోళం పోతుంది.

చూసినవాళ్లు లేని కేసుల్లో అసలు పరీక్ష 1984 నాటి శరద్ బిరధీచంద్ శారదా తీర్పు. పుణెలో ఒక వివాహిత పొటాషియం సయనైడ్‌తో చనిపోయింది. భర్తకు ట్రయల్ కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీం కోర్టు విడుదల చేసింది. ఆమె ఆత్మహత్య చేసుకుని ఉండే అవకాశాన్ని ప్రాసిక్యూషన్ కొట్టివేయలేకపోయింది. ఆ తీర్పులోని అయిదు సూత్రాలను నేటికీ ప్రతి కోర్టూ ఉదహరిస్తుంది. ప్రతి పరిస్థితీ విడిగా పూర్తిగా రుజువు కావాలి (‘అయి ఉండవచ్చు’ చాలదు, ‘అయి తీరాలి’). అవి ముద్దాయి నేరంతో మాత్రమే పొసగాలి. నిశ్చయాత్మకంగా ఉండాలి. ఇంకే వివరణకూ చోటివ్వకూడదు. గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదు.

ఎక్కువగా తెగేది మొదటి సూత్రం దగ్గరే. ఫోన్ లొకేషన్, చివరిసారి కలిసి కనిపించడం, దొరికిన కత్తి, మూడూ కలిపి చూస్తే బలంగా అనిపిస్తాయి. కానీ కత్తిని స్వాధీనం చేసుకున్న పంచనామా సాక్షి ఎదురు తిరిగి, సీలు వివరాలు ల్యాబు రికార్డుతో సరిపోకపోతే ఆ లంకె లేనట్టే. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఇప్పుడు దానికి రెండు భాగాలున్నాయి. మొదటిది దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు సంకేతం) రాయాలి. అది లేకుండా సీసీటీవీ ఫుటేజీని పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఇస్తే అభ్యంతరం తప్పదు.

ఇంకొకటి మన గుంటూరు నుంచే వెళ్లిన కేసు, పులుకూరి కోటయ్య, ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని అత్యున్నత అప్పీలు కోర్టు), 1946. పోలీసు కస్టడీలో ముద్దాయి చెప్పిన మాటల్లో, వస్తువు దొరకడానికి నేరుగా దారితీసిన ముక్క మాత్రమే సాక్ష్యం. ‘ఈటెను, కర్రను గడ్డివాములో దాచాను’ అన్నది చెల్లుతుంది, ‘దానితో పొడిచాను’ అన్నది చెల్లదు. ఇప్పుడది సాక్ష్య అధినియం సెక్షన్ 23 కింద మినహాయింపుగా ఉంది. ‘పోలీసుల ఎదుట నేరం అంగీకరించాడు’ అని శీర్షిక పెట్టేవాళ్లు ఈ తీర్పు ఒక్కసారి చదవాలి. ఆ అంగీకారానికి కోర్టులో విలువ లేదు.

వార్డు రౌండ్

వైద్యంలో ‘ఇండికేషన్’ (సూచన) అని మేం రోజూ రాసేది జబ్బు గుర్తు గురించి కాదు, చికిత్సకు కారణం గురించి. ఈ రోగికి ఈ మందు, ఈ ఆపరేషన్, ఈ రక్తం ఎందుకు ఇవ్వాలి? దాని ఎదురు మాట కాంట్రాఇండికేషన్, అంటే ఎందుకు ఇవ్వకూడదు అని. జబ్బును చూపించేవి లక్షణాలు (రోగి చెప్పేవి), చిహ్నాలు (మేం పరీక్షలో చూసేవి). పేపర్లలో ఇవన్నీ ‘సూచనలు’ అయిపోతాయి.

మీరు డెంగీ అన్నారు కాబట్టి దానితోనే చెబుతాను. ఎన్ఎస్1 యాంటిజెన్ (వైరస్ ప్రోటీన్) జ్వరం మొదటి రోజు నుంచి అయిదో రోజు దాకా బాగా దొరుకుతుంది. ఐజీఎం యాంటీబాడీ (వైరస్‌పై శరీరం తయారుచేసేది) దాదాపు అయిదో రోజు తర్వాత పెరుగుతుంది. ఏడో రోజు ఎన్ఎస్1 చేసి నెగెటివ్ వచ్చిందని డెంగీ కాదనడం తప్పు. వెంటనే ఫలితం ఇచ్చే కార్డు పరీక్షలో పాజిటివ్ వస్తే మన జాతీయ మార్గదర్శకాల్లో అది ‘సంభావ్య’ కేసే. ల్యాబులో చేసే ఎలైసా పద్ధతిలో ఎన్ఎస్1 గానీ ఐజీఎం గానీ వచ్చినా, పీసీఆర్‌లో తేలినా ‘నిర్ధారిత’ కేసు. జిల్లా లెక్కకూ ప్రైవేటు ల్యాబుల లెక్కకూ తేడా రావడానికి ఇదొక పెద్ద కారణం.

అయితే రోగి ప్రాణానికి సంబంధించింది నిర్ధారణ ఒక్కటే కాదు. జ్వరం తగ్గే సమయంలో, సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, 24–48 గంటల గండం ఉంటుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారిపోతుంది. దాన్ని చూపించేది హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం). మొదట 40 ఉన్నది 48 అయితే 20 శాతం పెరిగినట్టు, అంటే లీకేజీ మొదలైంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత లేదా అస్థిమితం, కాలేయం 2 సెంటీమీటర్లకు మించి పెరగడం, ఇవి హెచ్చరిక చిహ్నాలు. ఇవి కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఆస్పత్రిలో చేర్చాలి. ఇక్కడ సూచనే చాలు, రుజువు తర్వాత.

ప్లేట్‌లెట్ల విషయంలో దీనికి ఎదురు. సంఖ్య 40,000కు పడిందని బంధువులు దాతల కోసం పరుగెత్తుతారు. రక్తస్రావం లేకపోతే ఆ అంకె ఎక్కించడానికి ఇండికేషన్ కాదు. మన జాతీయ మార్గదర్శకాల్లో రక్తస్రావం లేని రోగికి ముందుజాగ్రత్తగా ఎక్కించే గీత 10,000 దిగువన ఉంది. సింగపూర్, మలేసియాల్లో 20,000 లేదా అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితం 2017లో వచ్చింది. ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు, అలర్జీలాంటి దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. కాంట్రాఇండికేషన్లు కూడా గుర్తుంచుకోండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, కండరాల్లోకి ఇంజెక్షన్లు వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే.

పొరపాటు ఎక్కడ జరుగుతుందో లెక్కలో చూపిస్తాను. జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుని, లేనివాళ్లలో 5 శాతం మందికి తప్పుగా పాజిటివ్ చూపే పరీక్ష అనుకుందాం. జ్వరాల వార్డులో 1000 మందిలో 400 మందికి నిజంగా డెంగీ ఉంటే 360 నిజమైన పాజిటివ్‌లు, 30 తప్పుడువి. పాజిటివ్ వచ్చినవారిలో 92 శాతం మందికి జబ్బు ఉన్నట్టే. అదే పరీక్షను ఒక శాతం మందికే జబ్బున్న ఊళ్లో 1000 మందికి చేస్తే 9 నిజమైనవి, దాదాపు 50 తప్పుడువి. ఇప్పుడు పాజిటివ్ వచ్చినవారిలో జబ్బున్నది 15 శాతం మందికే. కిట్టు మారలేదు. ఎవరికి చేశామన్నది మారింది.

చెరెంకోవ్

భౌతికశాస్త్రంలో ఈ మెట్లకు పేర్లున్నాయి, అంకెలున్నాయి. కణ భౌతికంలో ఫలితం యాదృచ్ఛిక హెచ్చుతగ్గులకు ఎంత దూరంగా ఉందో సిగ్మాల్లో కొలుస్తాం. 3 సిగ్మా దాటితే ‘ఆధారం’ అంటాం, 5 సిగ్మా దాటితే ‘పరిశీలన’ లేదా ఆవిష్కరణ. అంతకు దిగువన ఉన్నదాన్ని ‘సూచన’ అని జాగ్రత్తగా రాస్తారు. కొత్తది ఏమీ లేకపోయినా, ఉత్త యాదృచ్ఛికంగా ఇంత ఎక్కువ లెక్క వచ్చే అవకాశం 3 సిగ్మా దగ్గర సుమారు 740లో ఒకటి, 5 సిగ్మా దగ్గర సుమారు 35 లక్షల్లో ఒకటి.

పేపరు శీర్షికలోనే ‘సూచన’ (ఇండికేషన్) అన్న మాట పెట్టుకున్న మంచి ఉదాహరణ జపాన్‌లోని టీ2కే ప్రయోగం. తొకాయ్ నుంచి మ్యూయాన్ రకం న్యూట్రినోల (దాదాపు దేన్నైనా దాటిపోయే అతిసూక్ష్మ కణాలు) పుంజాన్ని 295 కిలోమీటర్ల దూరంలో కొండ కింద ఉన్న సూపర్ కమియొకాండె డిటెక్టర్‌కు పంపుతారు. అక్కడ 50,000 టన్నుల నీరు, చుట్టూ కాంతిని పట్టే 11 వేలకు పైగా గొట్టాలు. నీటిలో మ్యూయాన్ పుడితే గోడ మీద అంచు స్పష్టంగా ఉన్న వలయం పడుతుంది, ఎలక్ట్రాన్ పుడితే అంచు చెదిరిన వలయం. దారిలో కొన్ని న్యూట్రినోలు ఎలక్ట్రాన్ రకంగా మారాయా అన్నది ప్రశ్న.

2011లో వాళ్లు లెక్కపెట్టినవి 6 ఘటనలు. ఆ మార్పు లేకపోయినా రావాల్సినవి 1.5, అటూ ఇటూ 0.3. ఆ నేపథ్యం రెండు దారుల్లో వస్తుంది. పుంజంలోనే ముందునుంచీ కొన్ని ఎలక్ట్రాన్ న్యూట్రినోలు ఉంటాయి. తటస్థ పయాన్ అనే కణం రెండు ఫోటాన్లుగా (కాంతి కణాలుగా) విడిపోయినప్పుడు ఒకటి కంటపడకపోతే మిగిలింది ఎలక్ట్రాన్‌లా కనిపిస్తుంది. సగటు 1.5 ఉన్న పాయిసాన్ లెక్కలో (అరుదైన ఘటనల సంఖ్యకు వాడే సూత్రం) 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం 0.45 శాతం. ఇది కాలిక్యులేటర్‌తో ఎవరైనా చూసుకోవచ్చు. నేపథ్యంలోని అనిశ్చితి కలిపితే వాళ్లు ప్రకటించిన 0.7 శాతం, 2.5 సిగ్మా. అందుకే పేపరు శీర్షికలో ‘సూచన’ అని మాత్రమే రాశారు. ఆ ఏడాది మార్చి 11 భూకంపంతో డేటా ఆగిపోయింది. 2012 మార్చిలో చైనాలోని దయా బే రియాక్టర్ ప్రయోగం, పూర్తిగా వేరే పద్ధతిలో, ఆ మార్పుకు కారణమైన కోణం (మార్పు ఎంత జరుగుతుందో చెప్పే రాశి) సున్నా కాదని 5.2 సిగ్మాతో చెప్పింది. 2013లో టీ2కే మళ్లీ లెక్కపెడితే 4.92 రావాల్సిన చోట 28 వచ్చాయి, 7.3 సిగ్మా. శీర్షికలో మాట ‘పరిశీలన’గా మారింది.

అన్నీ ఇలా నిలబడవు. 2015 డిసెంబర్‌లో యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో రెండు ఫోటాన్ల లెక్కలో 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశి కొలత) దగ్గర ఒక గుట్ట కనిపించింది. అక్కడి అట్లాస్ ప్రయోగ బృందానికి ఆ ఒక్క చోటు చూస్తే 3.9 సిగ్మా. కానీ వాళ్లు ఎన్నో ద్రవ్యరాశుల దగ్గర వెతికారు. ఎక్కడో ఒక చోట గుట్ట రావడం అంత వింత కాదు. ఆ దిద్దుబాటు చేస్తే 2.1. 2016 ఆగస్టుకు కొత్త డేటాలో అది మాయమైంది. ఈలోగా దాని మీద వందల సిద్ధాంత పత్రాలు వచ్చేశాయి. పేపర్లో పెద్ద సిగ్మా కనిపిస్తే ‘ఒకే చోట చూసిందా, అన్ని చోట్లా వెతికాక మిగిలిందా’ అని అడగండి.

సిగ్మా పట్టుకోలేనిది మరొకటి ఉంది. 2011 సెప్టెంబర్‌లో ఓపెరా అనే న్యూట్రినో ప్రయోగం, న్యూట్రినోలు 730 కిలోమీటర్ల ప్రయాణంలో కాంతికంటే 60 నానోసెకన్లు ముందొచ్చాయని ప్రకటించింది, 6 సిగ్మా. తప్పు యాదృచ్ఛికం కాదు. సరిగా బిగించని ఫైబర్ కేబుల్ కాలాన్ని తప్పు చూపింది. పరికరంలో ఉన్న తప్పు ఎన్ని లక్షల ఘటనలు సేకరించినా తగ్గదు.

మన పక్కనే కోలార్ గనుల్లో 1965లో వాతావరణ న్యూట్రినోలను (విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టేవి) పట్టుకున్నారు. అదే గనుల్లో 1980లలో ప్రోటాన్ క్షయంలా (ప్రోటాన్ దానంతటదే విడిపోవడంలా) కనిపించిన కొన్ని ఘటనలు దొరికాయి. అమెరికా, జపాన్‌లలోని పెద్ద నీటి డిటెక్టర్లకు అలాంటివి కనిపించకపోవడంతో అది సూచనగానే ఆగిపోయింది. మొదటిదానికి ఉన్న గౌరవం చెక్కుచెదరలేదు.

ఎర్రసిరా

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక సందేహం. 35 లక్షల్లో ఒకటి అంత గట్టి గీత భౌతికశాస్త్రంలో పెట్టుకోగలిగితే, మనిషిని జైలుకు పంపే కోర్టులో అలాంటి అంకె ఎందుకు పెట్టుకోరు?

గణాంకం

పెట్టబోయిన చోట ఏం జరిగిందో చూడండి. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ కేసు. ఇద్దరు పసిబిడ్డలు వేర్వేరు సంవత్సరాల్లో హఠాత్తుగా చనిపోతే తల్లికి 1999లో జీవితఖైదు పడింది. విచారణలో ఒక పిల్లల వైద్య నిపుణుడు చెప్పిన అంకె: అలాంటి కుటుంబంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోవడం 8,543లో ఒకటి, కాబట్టి ఇద్దరూ అలా పోవడం దాన్ని దానితోనే గుణిస్తే వచ్చే 7.3 కోట్లలో ఒకటి.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, గుణించడం. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, ఒకే జన్యువులు. రెండు మరణాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. రెండోది ఇంకా పెద్దది. ‘నిర్దోషి అయితే ఇలా జరిగే అవకాశం’ అన్న అంకెను ‘ఇలా జరిగింది కాబట్టి నిర్దోషి అయ్యే అవకాశం’ అని విన్నారు. తల్లి ఇద్దరు బిడ్డల్ని చంపడం కూడా అత్యంత అరుదే. రెండు అరుదైనవాటిని పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక్కదాన్నే చూపించి భయపెట్టకూడదు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్కను తప్పుపడుతూ బహిరంగంగా ప్రకటన చేసింది. 2003లో శిక్ష రద్దయింది. రెండో బిడ్డలో బ్యాక్టీరియా కనిపించిన ల్యాబు ఫలితాలను డిఫెన్స్‌కు ఇవ్వలేదని తేలడమే అప్పీలులో ముఖ్య కారణం.

డీఎన్ఏ రిపోర్టులో ఇదే ఉచ్చు. ‘ఈ ప్రొఫైల్ పది లక్షల్లో ఒకరికి ఉంటుంది’ అంటే ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి అని కాదు. అయిదు కోట్ల జనాభాలో అలాంటివాళ్లు సుమారు 50 మంది ఉంటారు. ఇతర సాక్ష్యాలు ఆ మనిషినే చూపిస్తుంటే ఆ రిపోర్టు బ్రహ్మాండమైన లంకె. డేటాబేస్‌లో గాలించి ఆ ఒక్క మ్యాచ్‌తోనే పట్టుకొస్తే సంగతి వేరు. వార్డు రౌండ్ గారు ఊరంతటికీ చేసిన పరీక్ష, చెరెంకోవ్ గారు చెప్పిన అన్ని చోట్లా వెతకడం, ఇదీ ఒకే జాతి.

చెరెంకోవ్

గణాంకం గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మాకు అంత ఎత్తు గీత పెట్టుకునే వెసులుబాటు ఉంది. పుంజాన్ని ఇంకో మూడేళ్లు నడిపితే ఇంకో ఇరవై ఘటనలు వస్తాయి, ఆలస్యానికి ఎవరి ప్రాణమూ పోదు. ఒక రాత్రి జరిగిన ఘటనను కోర్టు మళ్లీ నడపలేదు.

వకాల్తా

అవును. అందుకే చట్టం అంకెకు బదులు ‘ఇంకే వివరణైనా మిగిలిందా’ అని అడుగుతుంది. చట్టంలోనే మరో తేడా ఉంది. ‘నిరూపితం’, ‘అబద్ధమని నిరూపితం’, ‘నిరూపితం కాలేదు’ అని మూడు ఫలితాలున్నాయి. సాక్ష్యం చాలక విడుదలైతే అది మూడోదే కావచ్చు. ‘కేసు బూటకమని కోర్టు తేల్చింది’ అని రాసే ముందు తీర్పు చివరి పేజీలు చూడాలి.

ఎర్రసిరా

చివరిగా ఒకటి. ‘పోస్టుమార్టంలో హత్యేనని ప్రాథమికంగా నిర్ధారణ అయింది’ అన్న వాక్యం తరచూ వస్తుంది. పోస్టుమార్టం రోజునే అంత చెప్పగలరా?

వార్డు రౌండ్

గాయాన్ని బట్టి ఉంటుంది. కత్తిపోటు గుండెలోకి దిగితే మరణకారణం ఆ బల్ల మీదే తెలుస్తుంది. విషం అనుమానమైతే తెలియదు. రిపోర్టులో ‘రసాయన పరీక్ష ఫలితం వచ్చేదాకా అభిప్రాయం రిజర్వు’ అని రాస్తారు. పరీక్షకు పంపే అవయవ భాగాలు (విసెరా) ఇవి. జీర్ణాశయం, అందులోని పదార్థం, చిన్నపేగులో కొంత భాగం ఒక సీసాలో. కాలేయం సుమారు 500 గ్రాములు, రెండు మూత్రపిండాల్లో చెరో సగం ఇంకో సీసాలో. రెంటిలోనూ గాఢ ఉప్పునీరు. రక్తం వేరే సీసాలో సోడియం ఫ్లోరైడ్‌తో. వాడిన ఉప్పునీటి నమూనా విడిగా మరో సీసాలో పంపాలి. విషం అందులోంచి రాలేదని చూపించడానికి అదే ఆధారం. మద్యం అనుమానమున్న కేసులో స్పిరిట్‌లో భద్రపరిస్తే మొత్తం పరీక్ష వృథా.

ఉరి, గొంతు నులమడం మధ్య తేడాలో గొంతులోని హయాయిడ్ ఎముకను పేపర్లు ఎక్కువగా పట్టుకుంటాయి. అది విరిగితే నులిమారనడానికి గట్టి గుర్తే. కానీ ఉరిలోనూ, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, విరగొచ్చు. చిన్న వయసువాళ్లను నులిమినా విరగకపోవచ్చు. మెడ మీద గుర్తు వాలుగా ఉందా అడ్డంగా ఉందా, గోళ్ల గాట్లున్నాయా, లోపలి కండరాల్లో రక్తం గడ్డకట్టిందా అన్నవి కలిపి చూడాలి.

ఇంకొక సంగతి. డాక్టరు రాసేది మరణకారణం, గాయం స్వభావం. అది హత్యా కాదా అన్నది కోర్టు తేల్చాల్సింది. కాబట్టి ఆ వాక్యంలో ‘పోస్టుమార్టంలో మెడ మీద ఒత్తిడి వల్ల ఊపిరాడక చనిపోయినట్టు తేలింది, పోలీసులు హత్య కేసుగా మార్చారు’ అని రెండు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఎవరన్నారో రాయండి. విషం కేసైతే ‘విసెరా ఫోరెన్సిక్ ల్యాబుకు పంపారు, నివేదిక రావాలి’ అని రాస్తే సరిపోతుంది.